మా వాడి ట్రాంబోన్, జె.జె. జాన్సన్, నా మాయామాళవగౌళ

మా వాడు ఆరో క్లాసులో బ్యాండ్‌లో చేరి ట్రాంబోన్ తీసుకుంటానన్నప్పుడు నాకు చాలా బాధేసింది. ఐదేళ్ళ నుంచి పక్కన కూర్చోబెట్టుకుని సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాల దాకా తీసుకొచ్చా, ఏడో ఏట వయొలిన్ కొనిపెట్టా, అది కేసులోనే ఉండిపోయింది, ఇప్పుడేమో చేతికి అందనంత పొడుగు ఇత్తడి బూర ఒకటి రెంట్‌కి తెచ్చుకుని బేస్‌మెంట్‌లో ఊదుతుంటే పైన కిచెన్‌లో గిన్నెలు అదురుతున్నాయి. వీడియో కాల్‌లో మా అమ్మ చూసి "ఏంటే అది, పెళ్ళి బ్యాండు వాళ్ళ బూరా?" అంది.

కానీ నాలుగు రోజులు విన్నాక నాకో ఆశ పుట్టింది. ట్రాంబోన్‌కి వయొలిన్ లాగే మెట్లుండవు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి స్లయిడ్ అనే జరిగే గొట్టాన్ని లాగుతూ జారిపోవచ్చు, అంటే మన జారు గమకమే కదా! ఆ మాటే వాడికి చెప్పా, "నాన్నా, నేను పాడేటప్పుడు గాంధారం ఎలా ఊపుతానో అలా ఊపి చూడు" అని. వాడు ఒక్క నిమిషం ఆలోచించి ఫోన్‌లో ఏదో పెట్టి ఇయర్‌ఫోన్స్ నా చెవిలో పెట్టాడు. "అమ్మా ఇది విను, ఈయన అస్సలు జారడు."

అలా మా ఇంట్లోకి వచ్చాడు జాజ్ ట్రాంబోన్ ఆయన జె.జె. జాన్సన్.

వాడికి ఈయన మీద అంత ఇష్టం ఎందుకంటే ముందు ఊరు. మేముండేది అమెరికాలో ఇండియానాపొలిస్ పక్కనే, ఈయన పుట్టింది అక్కడే, 1924 జనవరిలో. తొమ్మిదేళ్ళకి పియానో మొదలుపెట్టి 14 ఏళ్ళకి ట్రాంబోన్ పట్టుకున్నాడు. "చూశావా అమ్మా, నేను టూ ఇయర్స్ ముందే స్టార్ట్ చేశా" అని మా వాడి సంబరం.

ఈయన గొప్పదనం ఏంటో నాకర్థం కావడానికి మాత్రం టైమ్ పట్టింది. ట్రాంబోన్ స్లయిడ్‌కి ఏడు పొజిషన్లు, ఒక్కో పొజిషన్‌కి అర స్వరం తేడా, పెదవుల బిగువు మారిస్తే అదే పొజిషన్‌లో వేరే స్వరాలూ వస్తాయి. చెయ్యి కదులుతుండగా నాలుకతో ప్రతి స్వరాన్నీ విడదీయకపోతే అన్నీ కలిసిపోయి సాగిన రబ్బరులా వినిపిస్తుంది. పాత న్యూ ఆర్లీన్స్ జాజ్ వాళ్ళు ఆ సాగుడునే అందంగా వాడుకున్నారు, కిడ్ ఓరీ లాంటివాళ్ళు ఊదింది వింటే ముచ్చటేస్తుంది. కానీ 1940ల్లో శాక్సఫోన్ చార్లీ పార్కర్, ట్రంపెట్ డిజీ గిలెస్పీ బీబాప్ అనే కొత్త రకం జాజ్‌ని మహా స్పీడులో వాయించడం మొదలుపెట్టాక, శాక్సఫోన్‌కి వేళ్ళు కదిలితే చాలు, ట్రంపెట్‌కి మూడు మీటలు నొక్కితే చాలు, ట్రాంబోన్ వాడు మూరెడు చెయ్యి ముందుకీ వెనక్కీ తిప్పాలి. ఆ స్పీడులో, ఒక్కో స్వరం ముత్యంలా విడిగా, స్వరాన్ని ఊపడం చాలా తక్కువగా, శుభ్రంగా ఊదినవాడు ఈయన. విన్నవాళ్ళు కొంతమంది ఇది స్లయిడ్ కాదు, మీటలున్న వాల్వ్ ట్రాంబోన్ అనుకున్నారట. 1947లో పార్కర్‌తోనే కలిసి రికార్డింగ్ చేశాడు. కొన్ని స్వరాలు రెండు మూడు పొజిషన్లలో దొరుకుతాయి కాబట్టి, చెయ్యికి ఏది దగ్గరైతే అది ముందే ఆలోచించి పెట్టుకోవాలి అని మా వాడు స్లయిడ్ మీద వాటర్ స్ప్రే కొట్టుకుంటూ నాకు క్లాస్ చెప్పాడు.

మా ఆయనకి నచ్చింది ఇంకోటి. 1952 నుంచి 54 దాకా జాన్సన్ సంగీతం దాదాపు పక్కనపెట్టి స్పెరీ అనే కంపెనీ ఫ్యాక్టరీలో బ్లూప్రింట్ ఇన్‌స్పెక్టర్‌గా పని చేశాడు, అప్పటికే ట్రంపెట్ మైల్స్ డేవిస్ లాంటివాళ్ళ పక్కన వాయించిన మనిషి! మా ఆయన ఉద్యోగం కూడా డ్రాయింగులు చెక్ చేయడమే. ఆ ముక్క విన్న రోజు రాత్రి ఫస్ట్ టైమ్ బేస్‌మెంట్‌కి వెళ్ళి వాడి పక్కన కూర్చున్నారు. 1954లో కై వైండింగ్ అనే ఇంకో ట్రాంబోన్ ఆయనతో కలిసి జట్టు కట్టాక జాన్సన్‌కి మళ్ళీ దశ తిరిగింది. రెండు ట్రాంబోన్లతో బృందం ఏంటి అని మీకూ అనిపిస్తుంది, వినండి, అన్నదమ్ములు కబుర్లు చెప్పుకున్నట్టే ఉంటుంది. లామెంట్ అని ఈయన కట్టిన ట్యూన్ ఒకటుంది, నెమ్మదిగా సాగుతుంది, నేను వంట చేసేటప్పుడు పెట్టుకుంటా. 1970లో కాలిఫోర్నియా వెళ్ళి సినిమాలకీ టీవీకీ సంగీతం రాశాడు, 1987లో మళ్ళీ స్టేజి ఎక్కాడు, చివరికి సొంతూరు వచ్చేసి 2001లో ఇక్కడే పోయాడు.

ఈయన చదివిన క్రిస్పస్ అటక్స్ హైస్కూల్ ముందునుంచి ఒక ఆదివారం కారులో వెళ్ళాం. 1927లో నల్లజాతి పిల్లల్ని వేరే పెట్టడానికే కట్టిన స్కూల్ అది. మా వాడు చాలాసేపు కిటికీలోంచి చూసి "అమ్మా, మనం అప్పుడు ఇక్కడుంటే నన్ను ఏ స్కూల్లో వేసేవాళ్ళు?" అన్నాడు. మా ఇద్దరికీ మాట రాలేదు. పండగలకి పంచె కట్టించడం, అన్నప్రాశన ఫొటోలు చూపించడం, తెలుగు బడి, ఇవన్నీ చేశా కానీ వాడు పుట్టి పెరిగే ఈ ఊరి కథ వాడికి నేను ఒక్కసారీ చెప్పలేదు, నాకే తెలీదు కాబట్టి. ఆ ప్రశ్న వాడికి ఆ బూర వల్ల వచ్చింది.

పోయిన వారం ఏమనుకున్నాడో ఏమో, "నువ్వు చిన్నప్పుడు నేర్పావే ఆ ఫస్ట్ స్కేల్ పాడు, నేను ఊదుతా" అన్నాడు. మాయామాళవగౌళ. నా గొంతు ఆగిపోయింది ఒక్క క్షణం. స అన్నా, వాడు వాళ్ళ లెక్కలో కింద బి ఫ్లాట్ అనే స్వరం ఊదాడు, స్లయిడ్ మొత్తం లోపల, ఫస్ట్ పొజిషన్. రి అన్నా. మన రి ఎంత, స కి పక్కనే, గొంతులో వెంట్రుకవాసి. వాడికి మాత్రం ఆ రి ఏడో పొజిషన్‌లో ఉంది! స్లయిడ్ చివరిదాకా తోయాలి, భుజం ముందుకు వంచి, వేళ్ళు చాచి, స్లయిడ్ పట్టుకునే అడ్డకడ్డీని వేలికొసలతో నెడుతూ, అయినా అందట్లేదు. మధ్యలో జారడానికి కూడా లేదు, స దగ్గర్నుంచి స్లయిడ్ బయటికి తోస్తే స్వరం కిందికి పోతుంది, రి కేమో పైకి రావాలి. నేను అన్నాళ్ళు చెప్పిన జారు అక్కడ కుదరదని నాకు అప్పుడు తెలిసింది.

"అమ్మా, నీ రి చాలా దూరంగా ఉంది" అన్నాడు రొప్పుతూ.

ఇంకా ఏవో పొజిషన్లు వెతుక్కున్నాడు, కాసేపు లెక్కలేసుకున్నాడు. మూడో పొజిషన్‌లో ఇ ఫ్లాట్ దగ్గర స పెట్టుకుంటే రి రెండులో, పక్కనే దొరికింది. "ఇక్కడ పాడు" అన్నాడు. ఆ శ్రుతి నాకు ఎత్తు, పైస్థాయిలో గొంతు చీలిపోతుంది. అయినా పాడా. ఒక్కో స్వరం విడివిడిగా, నాలుకతో కొట్టి, అస్సలు జారకుండా ఊదాడు.