మామూలు కెమెరాతో జోడియాకల్ లైట్‌ను కొలవడం: నా అనుభవం

జోడియాకల్ లైట్‌ను ఫొటో తీయడం తేలికే, దానికి అంకె కట్టడమే కష్టం. గ్రహాల మధ్య ఉన్న ధూళి మీద పడి చెదిరి వచ్చే ఎండ మనకు కావాలి. కానీ పిక్సెల్‌లో అది ఒక్కటే పడదు. సుమారు 85-100 కి.మీ. ఎత్తున ఆక్సిజన్, సోడియం, హైడ్రాక్సిల్ నుంచి వచ్చే ఎయిర్‌గ్లో (పై గాలి తానే వెలిగే మసక వెలుగు), విడిగా కనిపించని చిన్న నక్షత్రాల వెలుగు, ఊళ్ల లైట్లు అన్నీ కలిసి ఒకే అంకెగా వస్తాయి. కాబట్టి ఇదంతా తీసివేతల లెక్క. ఏది ఎందులోంచి తీసేస్తున్నామో తెలియకపోతే ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా దండగ.

మన అక్షాంశాల్లో (15-18 డిగ్రీలు) ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో క్రాంతివృత్తం (ఆకాశంలో సూర్యుడు నడిచే దారి, జోడియాకల్ లైట్ శంకువులా దాని వెంటే కనిపిస్తుంది) పడమటి దిక్కున దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో తెల్లవారుజామున తూర్పున అలాగే నిలబడుతుంది. సూర్యుడు 18 డిగ్రీలు కిందికి దిగాకే మొదలుపెట్టాలి. మార్చిలో సూర్యాస్తమయం తర్వాత సుమారు గంటా పది నిమిషాలకు ఆ సమయం వస్తుంది. పంచాంగంలో బహుళ పంచమి నుంచి అమావాస్య వరకు ఉన్న రోజులు ఎంచుకుంటే సాయంత్రం చంద్రుడి బెడద ఉండదు. శుక్రుడు పడమట వెలుగుతున్న నెలల్లో మాత్రం లెన్స్ లోపల దాని వెలుగు చెల్లాచెదురై చుట్టుపక్కల అంకెలను పాడుచేస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు నడినెత్తిన ఎంత చీకటి ఉందని కాదు, పడమట ఏ ఊరు ఉందని చూడాలి. నల్లమలకు తూర్పు అంచున, మార్కాపురం, గిద్దలూరు వైపు పొలాల్లో నిలబడితే పడమట అడవే ఉంటుంది. కొండల వల్ల దిగంతం కొన్ని డిగ్రీలు పైకి లేస్తుంది, అయినా నష్టం లేదు. 15 డిగ్రీల కింద కొలిచినది ఎలాగూ పనికిరాదు.

ఆకాశం ఎంత చీకటిగా ఉందో చూపే ఎస్‌క్యూఎం-ఎల్ మీటర్ నా దగ్గర కాపలా పనే చేస్తుంది, అసలు కొలత దానితో కాదు. అది ఒకేసారి సుమారు 20 డిగ్రీల వెడల్పు ఆకాశాన్ని కలిపి చూస్తుంది, ఖచ్చితత్వం 0.1 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది), అంటే దాదాపు 10 శాతం. అరగంటకోసారి నడినెత్తికి గురిపెట్టి, మొదటి రీడింగ్ వదిలేసి, ఒంటిని పావు వంతు తిప్పుతూ నాలుగు రీడింగులు తీసుకుంటాను. పాలపుంత జరగడం వల్ల వచ్చే మార్పు పోను ఇంకా తేడా కనిపిస్తే పొగమంచో ఎయిర్‌గ్లోనో మారిందని అర్థం. కల్తీ లేని చీకటి ఆకాశం చదరపు ఆర్క్‌సెకనుకు సుమారు 22.0 మాగ్నిట్యూడ్. మన వైపు 22.1 కనిపిస్తే సంబరపడకండి, మేఘం వచ్చిందేమో చూడండి. ఊరి పక్కన మేఘం ఆకాశాన్ని వెలిగిస్తుంది, అడవిలో మాత్రం కప్పేసి నల్లగా చేస్తుంది.

ఇక కెమెరా. 6.55 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెనాన్ 6డి, 24 ఎం.ఎం. లెన్స్, ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 1600. స్టాండ్ కదలకుండా 60 సెకన్ల ఫ్రేములు ఆకాశం కోసం, 10 సెకన్లవి నక్షత్రాల కోసం. రా ఫైల్ తప్పనిసరి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్, లెన్స్ కరెక్షన్ రెండూ ఆపేయాలి. ఫోకస్ కాస్త చెడగొట్టాలి. నక్షత్రం మరీ చుక్కలా ఉంటే ఒకే రంగు పిక్సెల్ మీద పడి పచ్చ (గ్రీన్) ఛానల్ లెక్క తప్పుతుంది. వ్యూఫైండర్ మీద నల్ల టేపు వేయండి, వెనక నుంచి టార్చి వెలుగు లెన్స్‌కు మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేముల్లోకి కూడా దూరుతుంది. ఈ సెట్టింగుల్లో చీకటి ఆకాశం బ్లాక్ లెవెల్‌కు (వెలుగు లేకున్నా కెమెరా చూపే అంకెకు) పైన 150 యూనిట్ల దాకా మాత్రమే వస్తుంది. బ్లాక్ లెవెల్ 10 యూనిట్లు తప్పితే 7 శాతం పోయినట్టే. అందుకే అదే వేడిమిలో, అదే ఎక్స్‌పోజర్‌తో డార్కులు అక్కడికక్కడే తీయాలి. మర్నాడు ఇంట్లో ఫ్యాన్ కింద తీసినవి పనికిరావు.

అందరూ పడే గుంట ఫ్లాట్ ఫ్రేముల (లెన్స్ అంచుల్లో తగ్గే వెలుగును సరిచేయడానికి, సమంగా వెలిగే తెరను తీసే ఫొటోల) దగ్గర ఉంది. లెన్స్ ముందు పాలరంగు అక్రిలిక్ రేకు పెట్టి, దాని మీద తెల్లని టాబ్లెట్ తెర ఆనించి, తెరను 90 డిగ్రీల చొప్పున తిప్పుతూ తీసి సగటు చేస్తాం. దానితో భాగిస్తే పరుచుకున్న వెలుగు ఫ్రేమంతా సరిగ్గానే వస్తుంది. నక్షత్రాలే చెడతాయి. మామూలు లెన్స్‌లో అంచు పిక్సెల్ నడిమి పిక్సెల్ కన్నా తక్కువ ఆకాశాన్ని చూస్తుంది, ఆ తగ్గుదల కోణం కొసైన్‌కు ఘనం. నడిమికి 30 డిగ్రీల దూరంలో అది 0.65. ఫ్లాట్ ఈ లోటును పూడ్చేస్తుంది. పరుచుకున్న వెలుగుకు అది న్యాయమే. కానీ నక్షత్రం వెలుగు పిక్సెల్ ఎంత ఆకాశం చూస్తుందన్న దానిపై ఆధారపడదు, అది మొత్తం వచ్చి పడుతుంది. దాన్ని కూడా 0.65తో భాగించేసరికి ఉన్నదానికన్నా 0.47 మాగ్నిట్యూడ్ ఎక్కువ వెలిగినట్టు కనిపిస్తుంది. అంచు నక్షత్రాలతో క్యాలిబ్రేట్ చేసిన ఆకాశం అంత మేరా తప్పే. నేను నడిమికి 10 డిగ్రీల లోపు నక్షత్రాలనే వాడతాను.

ఇదే లక్షణంతో ఫ్లాట్ మంచిదో కాదో కూడా తేల్చవచ్చు. నడినెత్తి దగ్గరి ఒక నక్షత్రాన్ని కొద్ది నిమిషాల్లో ఫ్రేము మధ్యలో, సగం దూరంలో, మూలలో పెట్టి తీయండి. ఫ్లాట్‌తో భాగించాక ఆ మూడింటి నిష్పత్తి కొసైన్ ఘనం లెక్కకు సరిపోవాలి. సరిపోకపోతే అక్రిలిక్ రేకు వెలుగును అన్ని వైపులకూ సమంగా పంచడం లేదన్నమాట.

క్యాలిబ్రేషన్‌కు 4 నుంచి 6 మాగ్నిట్యూడ్ నక్షత్రాలు, సూర్యుడి రంగుకు దగ్గరగా, అంటే బి-వి (నీలం, పచ్చ వెలుగుల్లో మాగ్నిట్యూడ్‌ల తేడా) 0.4 నుంచి 0.9 మధ్య ఉన్నవి తీసుకోవాలి. ధూళి చెదరగొట్టేది ఎండనే కదా. రెండు పచ్చ పిక్సెళ్ల సగటును ఒక గడిగా తీసుకుంటే గడి పక్క 112.6 ఆర్క్‌సెకన్లు, వైశాల్యం 12,680. ఆకాశం మాగ్నిట్యూడ్ అంటే జీరో పాయింట్‌లోంచి (సెకనుకు ఒక్క యూనిట్ ఇచ్చే నక్షత్రం మాగ్నిట్యూడ్) గడికి సెకనుకు వచ్చిన యూనిట్ల లాగ్‌కు 2.5 రెట్లు తీసేసి, 10.26 (గడి వైశాల్యం లాగ్‌కు 2.5 రెట్లు) కలపడమే. గాలి మింగేసే వాటా మన మైదానాల్లో నడినెత్తిన 0.3 మాగ్నిట్యూడ్ దాటడం మామూలే, 30 డిగ్రీల ఎత్తులో దానికి రెట్టింపు. దాన్ని పుస్తకంలోంచి తీసుకోకూడదు, ఆ రాత్రే వేర్వేరు ఎత్తుల్లోని నక్షత్రాలతో గీత గీసి తేల్చుకోవాలి. పరుచుకున్న వెలుగుకు ఈ నష్టం నక్షత్రాలకన్నా తక్కువ, పక్క నుంచి చెదిరిన వెలుగు కొంత తిరిగి చేరుతుంది.

ఇప్పుడు తీసివేత. మాగ్నిట్యూడ్‌లను నేరుగా తీసివేయకూడదు. వాటిని ముందు ఎస్10లోకి మార్చాలి. చదరపు డిగ్రీకి పదో మాగ్నిట్యూడ్ నక్షత్రాలు ఎన్ని ఉంటే అంత వెలుగు అన్న లెక్క అది. 27.78 మాగ్నిట్యూడ్ ఒక ఎస్10. ఉదాహరణకు శంకువు మీద 21.0, అదే ఎత్తులో పక్కన 21.6 వచ్చాయనుకుందాం. అవి 515, 296 అవుతాయి, తేడా 219. ఇది కనీస విలువ మాత్రమే. పక్కన తీసుకున్న చోట కూడా జోడియాకల్ లైట్ ఉంటుంది, క్రాంతివృత్త ధ్రువం దగ్గరే అది సుమారు 60 ఎస్10. పక్క చోటు అదే ఎత్తులో ఎందుకంటే, ఎయిర్‌గ్లో కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. 30 డిగ్రీల ఎత్తులో అది నడినెత్తికన్నా 1.9 రెట్లు ఉంటుంది. మార్చిలో కృత్తికల దాకా పోకుండా అశ్విని, భరణి దగ్గరే ఆగడం మంచిది, ఆ పైన పాలపుంత కలిసిపోతుంది.

ఊరి వెలుగు అనుమానం ఉంటే స్టాండ్ అలాగే ఉంచి గంటన్నర తర్వాత అదే ఎత్తు, అదే దిక్కు మళ్లీ తీయండి. శంకువు దిగిపోతుంది, ఊరి వెలుగు చాలావరకు ఉంటుంది. ఎయిర్‌గ్లోకు ఇలాంటి చిట్కా లేదు. 557.7 నానోమీటర్ల ఆక్సిజన్ రేఖ సరిగ్గా పచ్చ ఛానల్‌లోనే పడుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో ఆ రేఖను సన్నని ఫిల్టర్‌తో విడిగా కొలుస్తారు. మన కెమెరాకు అది చేతకాదు కాబట్టి, పక్క చోట్లను శంకువుకు రెండు వైపులా తీసుకుని, అవి రెండూ 5 శాతం లోపు కలవని రాత్రిని లెక్కలోంచి తీసేస్తాను. ఫైలు పక్కన ఎప్పుడూ రాసుకోవలసినవి: సెకన్లతో సహా సమయం, ఎత్తు, దిక్కు, జీరో పాయింట్, ఆ రాత్రి గాలి మింగిన వాటా, ఎస్‌క్యూఎం రీడింగులు.