ఆక్సిజన్ ఎక్కడికి చేరింది? ఒక పరమాణు బదిలీని రుజువు చేసిన నా అనుభవం

మహబూబ్‌నగర్‌లో పరిశోధన విద్యార్థిగా చేరినప్పుడు నాకు అప్పగించిన పనిని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఇనుముతో బంధమున్న ఆక్సిజన్ పరమాణువు నేరుగా సల్ఫైడ్ (గంధకమున్న ఒక రకం సేంద్రియ సమ్మేళనం) లోని గంధకానికి చేరుతుందని రుజువు చేయాలి. నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లో ఆక్సీకరణమంటే ఎలక్ట్రాన్లు కోల్పోవడమని రాసి మార్కులు తెచ్చుకున్నామే తప్ప, ఎలక్ట్రాన్లతో పాటు పరమాణువు కూడా చేయి మారుతుందా, మారితే ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్న మా ముందుకు రాలేదు. కాలేయంలో మందులను మార్చే సైటోక్రోమ్ పి450 ఎంజైములు కూడా ఇనుము మీది ఆక్సిజన్‌తోనే పని నడుపుతాయి కాబట్టి, ఈ ప్రశ్న నాకు చాలా విలువైనదిగా తోచింది.

ముందు సంక్లిష్టాన్ని, అంటే ఇనుమును లిగాండ్ అనే సేంద్రియ అణువు పట్టుకుని ఉండే సమ్మేళనాన్ని, ఎంచుకోవాలి. 2003లో స్ఫటిక నిర్మాణం వెల్లడైన టీఎంసీ అనే లిగాండ్‌తో వచ్చే ఇనుము-ఆక్సో (ఇనుము మీద ఆక్సిజన్ ఉన్న) సంక్లిష్టాన్ని మైనస్ 40 డిగ్రీల చల్లదనంలో తయారుచేశారు. వేసవిలో 40 దాటే మా ఊరికి అది దూరపు మాట. ఎన్4పై అనే మరో లిగాండ్‌తో వచ్చే ఇనుము-ఆక్సో సంక్లిష్టానికి 25 డిగ్రీల వద్ద అర్ధాయువు (సగం విచ్ఛిన్నమయ్యే కాలం) దాదాపు 60 గంటలు కాబట్టి మా గైడ్ మేడమ్ దానివైపే మొగ్గారు.

అసిటోనైట్రైల్‌లో నారింజ ఛాయతో ఉన్న ఇనుము(2) ద్రావణానికి, ఆక్సిజన్‌ను అందించే అయోడోసిల్‌బెంజీన్ పొడి కలిపి కలియబెడుతుంటే రంగు మెల్లగా లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. 455 నానోమీటర్ల దగ్గరి ఇనుము(2) కాంతి శోషణ పట్టీ తగ్గి 695 దగ్గర ఇనుము-ఆక్సో సంక్లిష్టానిది కొత్తగా లేస్తుంది. ఆ పొడి అసిటోనైట్రైల్‌లో దాదాపు కరగదు, అందుకే మిగిలినదాన్ని వడపోసి తీసేయవచ్చు. ఈ వడపోత నాకు అతి ముఖ్యమైన మెట్టు, ఎందుకంటే మిగిలిన పొడే సల్ఫైడ్‌ను ఆక్సీకరించిందని ఎవరైనా అంటే మన దగ్గర జవాబు ఉండదు. పొడిగా ఉన్న అయోడోసిల్‌బెంజీన్‌ను వేడిచేస్తే పేలే ప్రమాదముంది కాబట్టి దాన్ని కొద్దికొద్దిగానే తయారుచేసుకుని ఫ్రిజ్‌లో ఉంచేవాళ్ళం.

ఒక మిల్లీమోలార్ ద్రావణం సెంటీమీటరు కువెట్‌లో (కొలతకు ద్రావణం పోసే చిన్న పాత్రలో) 695 దగ్గర సుమారు 0.4 శోషణ చూపుతుంది. దానికి కనీసం పది రెట్లు థయోఅనిసోల్ (మేము వాడిన సల్ఫైడ్) కలిపితే ఆకుపచ్చ పట్టీ క్షీణిస్తుంది, శోషణ లాగరిథమ్‌ను కాలానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. థయోఅనిసోల్ గాఢత మారుస్తూ పోతే రేటు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఇదంతా ఓపిక ఉంటే చేయదగిన పనే. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కువెట్ ఉష్ణోగ్రత మళ్ళీ 25కు చేరేదాకా ఆగడం మాత్రం విసుగు పుట్టించేది.

అయితే రంగు పోవడం ఒక్కటే బదిలీకి సాక్ష్యం కాదని మేడమ్ మొదటి నుంచీ పట్టుబట్టారు. హైడ్రోజన్ పరమాణువును లాక్కునే చర్యల్లోనూ ఆ రంగు పోతుంది, కానీ అక్కడ ఇనుము సాధారణంగా మూడో ఆక్సీకరణ స్థితిలో ఆగుతుంది. మా ద్రావణంలో 455 పట్టీ తిరిగి లేచింది, అంటే ఇనుము నాలుగు నుంచి రెండుకు దిగింది, రెండు ఎలక్ట్రాన్ల లెక్క సరిపోయింది. పారా స్థానంలో (వలయంలో గంధకానికి ఎదురుగా) ఎలక్ట్రాన్లు ఇచ్చే మిథాక్సీ ఉన్న థయోఅనిసోల్ అన్నిటికన్నా త్వరగా, ఎలక్ట్రాన్లు లాగే సయనో ఉన్నది అన్నిటికన్నా ఆలస్యంగా చర్య జరపడం కూడా, ఆక్సో సమూహం ఎలక్ట్రాన్లు కోరుకునే స్వభావంతోనే గంధకాన్ని చేరుతోందన్న అభిప్రాయానికి బలమిచ్చింది.

ఇక మిగిలింది పరమాణువునే గుర్తుపట్టడం. ఆక్సిజన్-18 (మామూలు ఆక్సిజన్ కన్నా రెండు యూనిట్లు బరువైన ఐసోటోపు) ఉన్న నీటిని కొద్దిగా కలిపి, ఇనుము మీది ఆక్సిజన్ దానితో మారకం కావడానికి వ్యవధి ఇచ్చి, ఆ తరువాతే థయోఅనిసోల్ వేశాను. తటస్థ ద్రావణంలో, సల్ఫైడ్‌కు ఆక్సిజన్ చేరితే వచ్చే సల్ఫాక్సైడ్ తనంతట తానుగా నీటితో ఆక్సిజన్ మార్చుకోదు. విడిగా పెట్టిన నియంత్రణ ప్రయోగంలో దాన్ని కూడా సరిచూసుకున్నాను. నమూనాలను హైదరాబాదు పంపించి మాస్ స్పెక్ట్రం (అణువుల బరువులను గీతలుగా చూపే పటం) తీయించాం. థయోఅనిసోల్ నుంచి వచ్చే మామూలు మిథైల్ ఫినైల్ సల్ఫాక్సైడ్ 140 దగ్గర కనిపించాలి. మాకు వచ్చిన కాగితం మీద పెద్ద గీత 142 దగ్గర నిలబడి ఉంది, 140 దగ్గర చిన్నది మిగిలింది. ఆ చిన్న గీత మారకం పూర్తికాని భాగానిదా అని తేల్చడానికి మారకపు వ్యవధిని పెంచి అదే ప్రయోగాన్ని మళ్ళీ పెట్టాను; 140 ఇంకా తగ్గింది.