మూడేండ్ల సంది: ఎంటీఎస్ ఇంగ్లిష్‌లో 23 నుంచి 68 దాకా

ఎస్‌ఎస్‌సీ పెట్టే ఎంటీఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో మల్టీ టాస్కింగ్ స్టాఫ్) పరీక్ష ఫైనల్ లిస్ట్‌లో నా రోల్ నంబర్ ఉంది. నాలుగుసార్లు చూసుకున్నా నమ్మకం కుదరక ఫోన్ రూమ్మేట్ చేతికిచ్చా. వాడు హాల్ టికెట్ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసి, "నీదేరా, ఇగ పార్టీ ఎప్పుడు?" అన్నాక అప్పుడు అమ్మకు ఫోన్ చేశా. ఆ రోజు నుంచి ఒకటే మెసేజ్‌లు: "అన్నా, ఇంగ్లిష్ ఎట్ల కవర్ చేశావు?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నా. ముందే చెప్తున్నా, నేను ఇంగ్లిష్‌లో మొనగాణ్ని కాదు. పదో తరగతి దాకా గుర్రంపోడు మండలంలో తెలుగు మీడియం. ఇంటర్, డిగ్రీ నల్లగొండలో, అదీ తెలుగు మీడియమే. ఇప్పటికీ ఎవరైనా ఎదురుగా నిలబడి ఇంగ్లిష్‌లో మాట్లాడితే నాకు చెమటలు పడతాయి. కానీ ఎంటీఎస్‌కు మాట్లాడే పని లేదు, నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కాలి, అంతే.

ప్యాటర్న్ మీకు తెలిసిందే. అయినా ఒక్క ముక్క గుర్తు చేస్తా, ఎందుకంటే మొదటిసారి రాసినప్పుడు దీని బరువు నాకు తెలియలేదు. సెషన్ 1లో మ్యాథ్స్, రీజనింగ్ క్వాలిఫై అయితే చాలు. మెరిట్ మొత్తం సెషన్ 2దే. అందులో 25 జీకే, 25 ఇంగ్లిష్. ప్రశ్నకు 3 మార్కులు, తప్పుకు 1 కోత. అంటే 150లో 75 ఇంగ్లిష్‌వే. 2023 నుంచి పేపర్ తెలుగులో కూడా ఇస్తున్నారని మనవాళ్లు చాలామంది సంబరపడ్డారు, నేనూ పడ్డా. మరి ఇంగ్లిష్ సెక్షన్‌ను తెలుగులోకి ఎవరు మారుస్తారు?

2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో సెంటర్ పడింది. అప్పటికి ఆరు నెలలు అక్కడే ఒక కోచింగ్ సెంటర్‌కు పోయి వచ్చా. వాళ్లు ఇచ్చిన జిరాక్స్ కట్టలో 140 గ్రామర్ రూల్స్ ఉండేవి. నిద్రలో లేపి అడిగినా నంబర్‌తో సహా అప్పజెప్పేవాణ్ని. పరీక్షలో సెషన్ 1 నల్లేరు మీద నడకే. సెషన్ 2లో ఇంగ్లిష్ తెరిచా. మొదటిసారి చదివితే అన్ని వాక్యాలూ కరెక్టుగానే కనబడ్డాయి. రెండోసారి చదివితే అన్నీ తప్పుగానే కనబడ్డాయి. టైమర్ తిరుగుతోంది. ఏదైతే అదైందని 25కు 25 పెట్టేశా. విచిత్రం ఏంటంటే బయటికి వచ్చాక నాకు బాధే లేదు. తిరుగు బస్‌లో నార్కట్‌పల్లి దాటగానే రూమ్మేట్‌కు ఫోన్ చేసి "ఇంగ్లిష్‌ల 18 పక్కా" అని కూడా చెప్పా.

జవాబుల కీ వచ్చింది. ఇంగ్లిష్‌లో 12 రైటు, 13 తప్పు. 36లోంచి 13 పోతే 23. జీకేలో 19 రైటు వచ్చి కూడా కటాఫ్ దరిదాపుల్లో లేను.

ఆ టైమ్‌లో ఇంట్లోనే ఉన్నా. మాకు రెండెకరాల బత్తాయి తోట ఉంది. కాయ కోతకు నాయినకు తోడుగా పోయా. అమ్మ బియ్యం ఏరుతూ, కోపంగా కూడా కాదు, మామూలుగానే అంది: "మూడేండ్ల సంది చదువుతనే ఉన్నవ్ కదరా, ఇంకెన్నాళ్లు?" నేనేం మాట్లాడలేదు. నెట్ సెంటర్‌లో తీయించిన రెస్పాన్స్ షీట్ (పరీక్షలో నేను పెట్టిన జవాబులు) జేబులో పెట్టుకుని మోటర్ షెడ్డు దగ్గరికి పోయి కూర్చున్నా.

అసలు ప్రశ్నలు ఇక్కడ పెట్టను, అదే తరహాలో నా ఉదాహరణలు ఇస్తా. తప్పు పట్టుకునే ప్రశ్న ఒకటి ఇట్లా ఉందనుకోండి: "ఐ యామ్ స్టడీయింగ్ సిన్స్ త్రీ ఇయర్స్". నేను "తప్పు లేదు" అని పెట్టా. ఎందుకు పెట్టానా అని చూస్తే, అది అచ్చం అమ్మ అన్న మాటే! మూడేండ్ల సంది చదువుతున్నవ్. అమ్మ మాట్లాడిన తెలుగులో ఏ తప్పూ లేదు, అందుకే నాకు ఇంగ్లిష్‌లోనూ తప్పు కనబడలేదు. పొద్దుటి సంది, సోమవారం సంది, మూడేండ్ల సంది, మనకు అన్నిటికీ ఒకటే సంది. కోస్తావాళ్లకైనా అంతే, ఒకటే నుంచి. ఇంగ్లిష్‌వాడు దాన్ని రెండు ముక్కలు చేశాడు. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్: సిన్స్ మండే, సిన్స్ 2020. ఎంత కాలమో చెబితే ఫర్: ఫర్ త్రీ ఇయర్స్. పైగా క్రియ కూడా మారాలి. మనకు "ఇప్పుడు చదువుతున్నా", "మూడేండ్ల సంది చదువుతున్నా" రెండింట్లోనూ అదే "చదువుతున్నా". వాడికి మొదటిది "యామ్ స్టడీయింగ్", రెండోది "హ్యావ్ బీన్ స్టడీయింగ్".

ఈ రూల్ నాకు రాదా? వచ్చు. 140లో అదీ ఉంది, దాని నంబర్ కూడా తెలుసు. పరీక్షలో మాత్రం రూల్ గుర్తుకొచ్చేలోపే తెలుగు వాక్యం వచ్చి కూర్చుంది.

అక్కడే మిగతా పన్నెండూ తీశా. ఒక్కో తప్పు పక్కన, ఆ ఆప్షన్ పెట్టినప్పుడు నా బుర్రలో నడిచిన తెలుగు వాక్యం రాసుకుంటూ పోయా. మొత్తం 13లో 9 తప్పులు తెలుగు దారిలో పోయి పడ్డవే. మిగతా 4 మాత్రం అర్థం తెలియని పదాలు, వాటికి ఏ సాకూ లేదు. కాగితం సరిపోక నాయిన కాంటా లెక్కల పుస్తకం తీసుకున్నా. సగం వాడిన పొడుగు పుస్తకం. ఆ తర్వాత ఏడాదంతా నా గ్రామర్ పుస్తకం అదే. ఎడమవైపు తప్పు వాక్యం, మధ్యలో బుర్రలోని తెలుగు, కుడివైపు సరైన వాక్యం. ఇంతకుమించి టెక్నిక్ ఏమీ లేదు. "పీడీఎఫ్ పెట్టు అన్నా" అనేవాళ్లకు ఇది నచ్చదని తెలుసు.

ఆ పుస్తకంలోంచి కొన్ని చెప్తా. "ఈ విషయం గురించి చర్చించాం". మన "గురించి" పోయి అక్కడ "అబౌట్" అయి కూర్చుంటుంది. "డిస్కస్" తర్వాత "అబౌట్" రాదు. "ఆమెతో పెళ్లయింది" అనుకుంటాం కాబట్టి "మ్యారీడ్ విత్" అంటాం, అక్కడ "టు" ఉండాలి. "నాకంటే సీనియర్"లోని "కంటే" చూసి "దాన్" పెడతాం, అదీ "టు"నే. "వాన వస్తే"లో రాబోయే వాన కదా అని "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అంటాం. ఇఫ్ పక్కన విల్ అక్కర్లేదు, "ఇఫ్ ఇట్ రెయిన్స్" చాలు.

ఒకరోజు మేం రోడ్డు మీదికి పోయేసరికి కాయల లారీ వెళ్లిపోయింది. నాయిన డ్రైవర్‌ను తిడుతుంటే నేను పుస్తకంలో రాసుకుంటున్నా. "వెళ్లిపోయింది" అనేది మనకు ఒకటే రూపం, నిన్న వెళ్లినా, మనకన్నా ముందు వెళ్లినా. ఇంగ్లిష్‌లో జరిగిపోయిన రెండు పనుల్లో ముందు జరిగినదానికి "హ్యాడ్" తగిలించాలి: "వెన్ వుయ్ రీచ్డ్ ద రోడ్, ద లారీ హ్యాడ్ లెఫ్ట్". పాస్ట్ పర్ఫెక్ట్ అంటే నాకు ఇప్పటికీ ఆ లారీయే. (నాయిన తిట్లు రాయలేదు.)

ఇంకోటి, "వాడు ఎక్కడ ఉంటాడు?" అనే ప్రశ్నను వాక్యంలో కలిపేటప్పుడు మనం చివర ఒక ఓ తగిలిస్తాం: "ఎక్కడ ఉంటాడో నాకు తెలియదు". మనకు ఓ చేసే పనిని వాళ్లకు మాటల వరుస చేస్తుంది. "వేర్ డజ్ హీ లివ్" కాస్తా "ఐ డోంట్ నో వేర్ హీ లివ్స్" అవుతుంది. ఇది అర్థమైన రోజు పానగల్ దగ్గర ఉదయసముద్రం కట్ట మీద నడుస్తూ రూమ్మేట్‌కు చెప్పా. వాడు కానిస్టేబుల్‌కు చదువుతున్నాడు, "మంచిదే గానీ జర జల్ది నడువు" అన్నాడు.

క్వశ్చన్ ట్యాగ్స్‌కు కూడా మన "కదా"నే శత్రువు. వస్తున్నావు కదా, రాలేదు కదా, పోదాం కదా, ఏదైనా ఒకటే కదా. అందుకే మనవాళ్లు అన్నిటికీ "ఈజింట్ ఇట్" పెడతారు. "లెట్స్ గో"కు "షల్ వుయ్", "నోబడీ కేమ్"కు "డిడ్ దే", "ఐ యామ్ లేట్"కు "ఆరెంట్ ఐ". ఈ మూడింటికి లాజిక్ వెతకొద్దు, బట్టీ పట్టండి.

అన్నిసార్లూ తెలుగు కాళ్లకు అడ్డం పడుతుందని కాదు. ఇంగ్లిష్ ఆర్టికల్స్ "ఏ", "ఏన్" తేడా తెలుగులో రాసి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. అచ్చుతో మొదలైతే ఏన్, హల్లుతో మొదలైతే ఏ. అవర్ (గంట), ఎమ్మెల్యే, ఆనెస్ట్ అన్నిటికీ ముందు అచ్చు ఉంది, కాబట్టి ఏన్. యూనివర్సిటీ, యూరోపియన్, వన్ రూపీ నోట్, వీటికి ముందు యకారమో వకారమో ఉంది, కాబట్టి ఏ. ఇంగ్లిష్ స్పెల్లింగ్ వైపు అసలు చూడొద్దు. ఒక్క చోట మాత్రం మన పలుకుబడి మోసం చేస్తుంది. సంవత్సరాన్నీ ఇయర్ అంటాం, చెవినీ ఇయర్ అంటాం. సంవత్సరం నిజానికి యియర్, కాబట్టి దానికి ఏ, చెవికి ఏన్. పసుపు రంగును ఎల్లో అంటాం, అది యెల్లో, దానికీ ఏ. నా 13 తప్పుల్లో ఒకటి ఇట్లా పోయిందే.

ప్యాసివ్ వాయిస్ గురించి ఒక మాట. బడిలో "రామునిచే రావణుడు చంపబడెను" అని నేర్పిస్తారు. ఈ భూమ్మీద అట్లా మాట్లాడే తెలుగువాణ్ని నేను చూడలేదు. ఆ వాక్యాన్ని పక్కన పెట్టి, పని ఎవరి మీద పడిందో వాళ్లను ముందుకు తేవడం అని అనుకున్నాకే నాకు అది ఎక్కింది.

మిగతావి గబగబా చెప్పేస్తా. పదాలకు పాత పేపర్లు తప్ప వేరే పుస్తకం చదవలేదు, రోజుకు పది చొప్పున రాసుకున్నా. స్పెల్లింగ్‌లకు "అకామడేషన్" లాంటి వాటిని గోడ మీద అంటించా, రెండు సీలు, రెండు ఎమ్‌లు. క్లోజ్ టెస్ట్‌లో ఖాళీలు నింపేముందు పేరా మొత్తం ఒకసారి చదివేవాణ్ని. జీకేకు ఎన్సీఈఆర్టీ బడి పుస్తకాలు, కరెంట్ అఫైర్స్, అందరూ చేసేదే. మ్యాథ్స్ రోజుకు గంట. ఇదే పరీక్షతో భర్తీ చేసే హవల్దార్ పోస్టుకు కూడా ఆప్షన్ ఇచ్చా, దానికి 1600 మీటర్లు 15 నిమిషాల్లో నడవాలి. కట్ట మీద నడక అందుకే మొదలైంది, తర్వాత అలవాటైంది.

హైదరాబాద్ వదిలి నల్లగొండలోనే చదివినందుకు చాలామంది నన్ను తక్కువ చేసి చూశారు. "అక్కడ వాతావరణం ఉంటది" అన్నారు. వాతావరణం ఉంటది నిజమే, రూమ్ కిరాయి కూడా ఉంటది. నేను రామగిరిలో ఇద్దరితో కలిసి ఉన్నా, పొద్దున లైబ్రరీ తలుపు తీసేసరికి గేటు దగ్గర ఉండేవాణ్ని. ఫ్యాన్ కింది సీటు కోసం కొట్లాడే బ్యాచ్ ఒకటి ఉండేది. సీటు దొరికాక పదకొండింటికి టీకి లేచి ఒంటిగంటకు వచ్చేవాళ్లు. ఫోన్ తీస్తే ఇంగ్లిష్ ట్రిక్స్ రీల్స్. అరవై సెకన్లలో పన్నెండు టెన్సులట! ఒక్క తప్పు వాక్యం ముందు అరగంట కూర్చోలేనివాడు ఎన్ని రీల్స్ చూసినా... సరే, లెక్చర్ అయిపోతోంది, ఆపుతా. నేనూ మొదటి రెండేళ్లు అదే బ్యాచ్‌లో ఉన్నా.

ఇంకో మాట కూడా చెప్పాలి. "డిగ్రీ చేసి ఎంటీఎస్ ఏంది, ప్యూన్ పోస్టే కదా" అని మా బంధువొకాయన ముఖం మీదే అన్నాడు. లెవెల్ 1, బేసిక్ 18,000, మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. సెంట్రల్ గవర్నమెంట్. ఆయన కొడుకు రెండేళ్ల నుంచి గ్రూప్స్ అంటూ ఊరు మొహం చూడలేదు, అయినా నేనేమీ అనలేదు. పైగా 25 ఏళ్లు దాటితే ఎంటీఎస్‌లో చాలా పోస్టులకు నేను అప్లై కూడా చేయలేను. జాయినయ్యాక సీజీఎల్ (డిగ్రీవాళ్లకు ఎస్‌ఎస్‌సీ పెట్టే పరీక్ష) రాసుకుంటా, ఎవరు వద్దన్నారు?

2024 అక్టోబర్‌లో రెండోసారి రాశా. ఇంగ్లిష్‌లో 24 పెట్టా, ఒకటి వదిలేశా. 23 రైటు, 1 తప్పు, 69లోంచి ఒకటి తీస్తే 68. వదిలేసింది ఒక ఇడియమ్, జన్మలో వినలేదు. తప్పు పోయిందేమో ప్రిపోజిషన్, అదీ మళ్లీ ఒక "తో" దగ్గరే.

ఆ పుస్తకం ఫొటోలు పెట్టమని ఇప్పటికి ఓ ఇరవై మంది అడిగారు. పుస్తకం నా దగ్గర లేదు. మొదటి సగంలో బత్తాయి లెక్కలు ఉన్నాయి కదా, ఒక పార్టీ పోయినేడాది కాయకు ఇంకా పైసలు ఇవ్వాలట, అది చూపించి అడగాలని నాయిన మొన్న వచ్చి పట్టుకుపోయాడు.