ఒక్క ఐడీ, ఏడు ఫోన్లు

గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్-2 పిల్లలకు ఆంధ్రుల చరిత్ర చెబుతాను. అవే పాఠాలు వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్‌లో చందాకు పెట్టాను. కట్టేది ఒకరు, చూసేది హాస్టల్ గది మొత్తం. ఒక్క ఐడీ ఒకేసారి ఏడు ఫోన్లలో తెరిచి ఉండటం చూసిన రోజు అన్నం సయించలేదు. ఒక్కో శాసనం చదివి, అర్ధరాత్రి దాకా కూర్చుని చేసిన పాఠాలవి. అంత శ్రద్ధగా శాతవాహనుల గురించి చెప్పేవాళ్లు ఈ వీధిలో లేరని ధైర్యంగా అంటాను.

విజయవాడ నుంచి ఒక డెవలపర్ వచ్చి, ఐడీకి ఒకే లాగిన్ అని ప్లగిన్ (సైట్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) వేసి వెళ్లాడు. అందులో రెండు పద్ధతులుంటాయి: కొత్త లాగిన్‌ను రానివ్వకపోవడం, లేదా కొత్తది రాగానే పాతదాన్ని తీసేయడం. నన్ను అడక్కుండా మొదటిది పెట్టాడు.

పరీక్ష నాలుగు రోజులుందనగా తెనాలి నుంచి ఒకాయన వచ్చారు. క్లాసు జరుగుతోంది, అరవై మంది పిల్లలున్నారు.

"మాస్టారూ, రెండు రోజులుగా మా అమ్మాయికి సైట్ తెరుచుకోవట్లేదు. ఫోన్ చేస్తే, ఐడీ ఇంకెవరికో ఇచ్చి ఉంటుందని మీ ఆఫీసులో అన్నారంట. మా పిల్ల దొంగా అండీ?"

నాకు నోట మాట రాలేదు. ఆ అమ్మాయి ఫోన్ పాడైతే వాళ్లన్నయ్య ఫోన్‌లో చూద్దామనుకుంది, అంతే. ఆగిపోయిన ఫోన్‌లో లాగౌట్ ఎలా కొడుతుంది? వర్డ్‌ప్రెస్‌లో మామూలు లాగిన్ 2 రోజులుంటుంది, 'రిమెంబర్ మీ' టిక్ పెడితే 14 రోజులు. ఆ అమ్మాయి టిక్ పెట్టింది. అందుకే పాత ఫోన్ ఆగిపోయినా అందులో లాగిన్ ఉన్నట్టే లెక్క, అన్నయ్య ఫోన్‌ను రానివ్వలేదు. డెవలపర్‌ని అడిగితే "యూజర్ తప్పండీ" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందరి ముందే ఆయనకు క్షమాపణ చెప్పాను. అక్కడే ల్యాప్‌టాప్ తీసి, ఆ అమ్మాయి ప్రొఫైల్‌లో అన్ని చోట్లా లాగౌట్ చేసే బటన్ నొక్కాను.

ఐపీ అడ్రస్ (నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబరు) చూసి ఆపుదామని మళ్లీ ఆ డెవలపరే సలహా ఇచ్చాడు. వినకండి. హాస్టల్ వైఫైలో అందరికీ బయటికి కనిపించే ఐపీ ఒకటే, మొబైల్ డేటాలో ఒక్కరికే అది మారుతుంటుంది. దొంగ దొరకడు, డబ్బు కట్టినవాడు ఇరుక్కుంటాడు.

రెండో పద్ధతికి నేనే మార్చుకున్నాను. ఇప్పుడు గదిలో ఒకరు లాగిన్ అయితే, ఇంకొకరు తర్వాతి పాఠం నొక్కగానే బయటికి వచ్చేస్తారు. వారం తిరక్కుండా ఆ గదిలోంచే ముగ్గురు విడిగా చందా కట్టారు. మీరూ పెట్టించుకుంటే, లాగౌట్ కొట్టకుండా ఒక ఫోన్ ఆపేసి, ఇంకో ఫోన్‌లో తెరిచి చూశాకే డబ్బులివ్వండి.

తెనాలి ఆయనకు చందా డబ్బు వెనక్కి పంపాను. తీసుకోలేదు, ఆ రెండు రోజులూ కలిపి ఇమ్మన్నారు. నెల కలిపాను.