బెటీ కార్టర్ వెంట ముగ్గురు

నిన్న కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం ఎదురుచూస్తూ అమెరికన్ జాజ్ గాయని బెటీ కార్టర్ (1929–1998) కచేరీ రికార్డింగు ఒకటి విన్నాను. ఆమెకు తోడు పియానో, బాస్ (మంద్రంగా మోగే పెద్ద తంత్రీవాద్యం), డ్రమ్స్ మాత్రమే. అందరికీ తెలిసిన పాటనే ఎత్తుకుని, కాసేపటికే మాటను అక్షరాలుగా విడదీసి, నడకను ఒక్కసారిగా సగానికి దించి, వెంటనే పరుగులు పెట్టిస్తారు. ఆ మలుపులన్నీ ముందుగా రాసిపెట్టుకున్నవి కావు కనుక, బాస్ వాయించే మనిషి ఆమె ఊపిరి తీసుకునే తీరును బట్టి కూడా తరువాతి అడుగును పోల్చుకోవలసి ఉంటుంది. ఒకచోట ఆమె ఒకే అచ్చును సాగదీస్తూ శ్రుతికి కొంచెం కిందుగా నిలిపితే, పియానో తొందరపడి నింపకుండా ఆగింది; నాకు అన్నిటికంటే నచ్చింది ఆ ఆగడమే. (పంటు ఇంజను మోతలో తరువాతి డ్రమ్స్ ఘట్టం సగం వినబడనే లేదు.)

అమలాపురం కర్ణాటక సంగీత కచేరీల్లో నెరవు (ఒకే పంక్తిని రకరకాలుగా పాడడం), స్వరకల్పన (స్వరాలను అల్లుతూ పాడడం) వింటూ పెరిగిన నాకు మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడడం, కొత్త కాదు. అయితే మన గాయకుడు ఎంత దూరం విహరించినా తాళం కదలదు, తాళంలో పంక్తి ఎత్తుకున్న చోటికి వచ్చి తీరాలి. కార్టర్ ఆ కాలప్రమాణాన్నే, అంటే పాట నడిచే వేగాన్నే, కదిలిస్తారు. ఇది మనదానికంటే గొప్పదని అనను గానీ, పక్కవాద్యాలకు ఇంకా కష్టమైన పని. పైగా ఆమె ఏరికోరి యువ వాద్యకారులనే వెంట ఉంచుకునేవారు; అటువంటి వారి శిక్షణ కోసం 1993లో జాజ్ అహెడ్ అనే కార్యక్రమాన్నీ ప్రారంభించారు. మన వేదికలపై కుర్ర మృదంగ విద్వాంసుడికి అంత చొరవ ఇచ్చే గాయకులు నాకు అరుదుగానే కనిపించారు.