తెర మీద కనపడింది, ట్యూబ్ మాత్రం పోలేదు

హన్మకొండలో ఒక చిన్న హాస్పిటల్‌లో మత్తు డాక్టర్‌ని. పోయిన నెల పరకాల వైపు నుంచి గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కి ఒకాయన వచ్చాడు. ఏళ్ల తరబడి గుట్కా, నోట్లో రెండు వేళ్లు పట్టడమే కష్టం. మత్తులో ఊపిరి ఆడాలంటే శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయాలి. నాలుకని ఎత్తి పట్టే స్టీలు మెకింటాష్ బ్లేడ్‌తో ఎంత ఎత్తినా ఎపిగ్లాటిస్ (శ్వాసనాళం మీద మూతలాంటిది) అంచు తప్ప ఏమీ కనపడలేదు. దాని కిందుగా బూజీ, అంటే సన్నగా వంగే కడ్డీ, తోస్తే శ్వాసనాళం రింగులు టకటకమని వేలికి తెలిశాయి, దాని మీదుగా ట్యూబ్ జార్చాను, ట్యూబ్ శ్వాసనాళంలోనే ఉందని చెప్పే కార్బన్ డయాక్సైడ్ గీత మానిటర్‌లో లేచేదాకా నా టెన్షన్ చెప్పలేను.

మెకింటాష్ 1943 నాటి డిజైన్. బ్లేడ్‌కే కెమెరా ఉండి గొంతు లోపలిది తెర మీద చూపించే వీడియో లారింజోస్కోప్ ఉంటే బాగుండేది కానీ పేరున్న కంపెనీది లక్షల్లో మాట. అందుకే నెట్‌లో ఫ్రీగా దొరికే డిజైన్‌తో, తెలిసిన కుర్రాడి త్రీడీ ప్రింటర్ మీద ఒక బ్లేడ్ చేయించి, పైపుల్లో దూర్చే 5.5 మిల్లీమీటర్ల కెమెరా అందులో పెట్టి ఫోన్‌కి తగిలించాను. మొత్తం రెండు వేలు దాటలేదు. "సార్, గిది పిల్లల బొమ్మ లెక్కున్నది" అన్నాడు మా ఓటీ టెక్నీషియన్.

బొమ్మ మనిషి గొంతులో పెడితే శ్వాసనాళం వాకిట్లో ఉండే వోకల్ కార్డ్స్ తెర నిండా కనపడ్డాయి, కానీ ట్యూబ్ పోదే! స్టీలు బ్లేడ్‌తో చూపు నేరుగా పోతుంది, ట్యూబూ ఆ దారినే పోతుంది. ఇక్కడ కెమెరా మూల తిరిగి చూస్తోంది, ట్యూబ్‌కి ఆ వంపు లేదు. ట్యూబ్ లోపల పెట్టే స్టైలెట్ అనే తీగని బ్లేడ్ వంపులోనే వంచాక నాలుగోసారికి దిగింది.

పేషెంట్ నోట్లో మాత్రం పెట్టలేదు, పెట్టను కూడా. మాది పీఎల్ఏ ప్లాస్టిక్, అరవై డిగ్రీలకే మెత్తబడుతుంది, పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు. పొరపొరగా పోసింది కాబట్టి ఆ సందుల్లో ఉమ్మి, రక్తం ఇరుక్కుంటే కడిగినా పోవు. విరిగి ముక్క గొంతులో పడితే? విరగకుండా మందంగా చేస్తే పరకాల ఆయన లాంటి నోట్లో అసలు పట్టదు, ఎవరి కోసం చేయించానో వాళ్లకే పనికిరాదన్నమాట.

ఈలోపు మా మేనేజ్‌మెంట్ సారు చూసి ఫోన్ తెర వైపు వంగి, "రెండు వేలకే అయితదా? ఇంక కంపెనీది ఎందుకు డాక్టర్ గారూ?" అన్నాడు. బ్లేడ్ తీసి బ్యాగులో పెట్టేసుకున్నాను.