చిల్లులోంచి మడమ కనబడిందా

కావలి. రోహిణి కార్తె, బుధవారం.

చంటోడికి పుట్టుకతోనే ఎడమ పాదం లోపలికి వంకర, క్లబ్‌ఫుట్ అంటారు. పొద్దున 8 కొట్టగానే దాన్ని సరిగ్గా నిలబెట్టే బూట్లు విప్పాం. రోజు మొత్తంలో వాడి కాళ్లకు సెలవు ఈ ఒక్క గంటే, తక్కిన 23 గంటలూ బూట్లలోనే. ఆరు పిండికట్లు, మడమ వెనక, పిక్కను మడమకు కలిపే తాడులాంటి నరానికి చిన్న గాటు, దానిమీద మూడు వారాల ఆఖరి కట్టు, అన్నీ అయ్యాక ఈ బూట్లూ, రెంటినీ కలిపే రాడ్డూ వచ్చి నెల దాటింది. కట్లు డాక్టరు పని. వారానికోసారి పాదాన్ని చేత్తో కాస్త కాస్త సరిచేసి తొడ దాకా కట్టేసి పంపుతారు. ఇంట్లోవాళ్లు కాలివేళ్లను నొక్కి వదిలి, రంగు వెంటనే తిరిగొస్తోందా, వేళ్లు కట్టు లోపలికి జారిపోయాయా అని చూసుకుంటే చాలు. బూట్లు మాత్రం పూర్తిగా ఇంటి పని. వంకర తిరగబెట్టేది ఎక్కువగా ఇక్కడే, తొడగడం మానేసిన ఇళ్లలోనే.

స్నానానికి ముందు చర్మం చూడాలి. మడమ వెనక, పట్టీ కింద, చీలమండ దగ్గర. లేత ఎరుపుంటే కాసేపటికి పోతుంది. మడమ వెనక బాగా ఎర్రగా కందినా, పొక్కు లేచినా పట్టీ బిగుతై ఒరుసుకుందనుకుని ఇంకో రంధ్రం వదులు చేస్తారు. జరిగేది దానికి తలకిందులు. పట్టీ వదులైతే బూటులో మడమ పైకీ కిందికీ ఆడుతుంది, ఆ రాపిడికే పొక్కు లేస్తుంది. అక్కడ నూనె, క్రీము రాయకూడదు, చర్మం మెత్తబడి ఇంకా లేచిపోతుంది. ఒళ్లంతా నూనె పట్టించినా ఆ రెండు పాదాలూ బాగా తుడిచి, తడి ఆరాకే మేజోడు వేయాలి. ఈ ఎండలకి పౌడరు కూడా దండగ, చెమటకు ముద్ద కడుతుంది. పలచటి నూలు మేజోళ్లు నాలుగు జతలుంటే మార్చి మార్చి వేయొచ్చు.

9కి మళ్లీ తొడగడం. కడుపు నిండి, ఆడుకునే వేళ అయితే సులువు, నిద్రమత్తులో అయితే యుద్ధమే. ముందు వంకర ఉన్న ఎడమ కాలు. మోకాలు మడిచి, పిక్కను ఒక చేత్తో పట్టుకుని మడమను బూటు అడుగుకు దించాలి. మోకాలు చాచి ఉంటే వెనక నరం బిగుసుకుని మడమ దిగదు. బూటు నాలుకను మడత లేకుండా పరిచి, బొటనవేలితో నొక్కిపట్టి, మొదట నడిమి పట్టీ బిగించాలి. మడమను పట్టి ఉంచేది అదే. తర్వాతే పైదీ కిందదీ. బూటు వెనక చిల్లులుంటాయి, అందులోంచి మేజోడు కనబడితే మడమ దిగినట్టు. పిక్క పట్టి మెల్లగా పైకి లాగి చూడాలి. వేళ్లు ముందుకీ వెనక్కీ జరిగితే మళ్లీ విప్పాల్సిందే. మడమ సరిగ్గా దిగిన రోజు వేళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బూటు అట్ట మీద పెన్నుతో గీత పెట్టుకుంటే రోజూ గుడ్డిగా వెతుక్కోనక్కర్లేదు.

ఆ తర్వాత బూట్లను రాడ్డుకు బిగించడం. రాడ్డు పొడుగు బిడ్డ భుజాల వెడల్పంత. పొట్టిదైతే ఏడుపు ఆగదు. వంకర పాదం బయటికి 60 నుంచి 70 డిగ్రీలు, బాగున్న పాదం 30 నుంచి 40. ఆ కోణం డాక్టరు పెట్టింది, ఇంట్లో స్క్రూలు ముట్టకూడదు.

"ఎండకి బిడ్డ అల్లాడిపోతుండాడు, ఈ ఒక్క రాత్రికి ఇప్పేయకూడదా అమ్మాయ్?" అని జేజి. కాలు ఇట్టా బయటికి తిప్పేస్తే రేపు బాతులా నడుస్తాడని పక్కింటి పిన్ని. అంత బయటికి తిప్పి ఉంచకపోతే లోపలి వైపు తీగల్లాంటి కట్టుబంధాలు మళ్లీ ముడుచుకుంటాయి. ఒక్క రాత్రి అని మొదలైంది ఒక్క రాత్రితో ఆగదు, ఏడిస్తే విప్పుతారని వాడికి అర్థమవుతుంది. గ్రహణం మాట కూడా వచ్చింది. దానికి జవాబు చెప్పడం మానేశాం.

మధ్యాహ్నం చీర ఉయ్యాల. ఉత్త చీరైతే గుడ్డ ముడుచుకుని రాడ్డు అడ్డం పడుతుంది, మోకాళ్లు కదలవు. పైన అడ్డకర్ర పెట్టి చీరను వెడల్పు చేశాక బాగుంది. రాడ్డుకు పాత దుప్పటి పీలిక చుట్టాం, లేకపోతే గోడకీ మన మూతికీ తగులుతుంది. రెండు కాళ్లూ ఒకేసారి మడిచి చాచడం వాడికి రాదు, ఒక్కో కాలూ విడిగా తన్నాలని చూసి విసుక్కుంటాడు. రాడ్డు పట్టుకుని రైలు చక్రాల్లా రెండు కాళ్లూ కలిపి ముందుకీ వెనక్కీ ఆడిస్తే నేర్చుకుంటున్నాడు.

ఇట్టా మూడు నెలలు నిండాక రాత్రిపూటా పగటి నిద్రలోనూ మాత్రమే, 12 నుంచి 14 గంటలు. అది వాడికి నాలుగైదేళ్లు వచ్చేదాకా. బూట్లు బిగుతైతే పెద్దవి మార్చాలి. ఖర్చుకు భయపడేవాళ్లు ఆశా కార్యకర్తను అడగొచ్చు, పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే పథకం జాబితాలో వంకర పాదం ఉంది.

రాత్రి 10కి టార్చి వేసి చూస్తే ఎడమ చిల్లు ఖాళీ. నడిమి పట్టీ ఒక రంధ్రం జారింది. విప్పి మళ్లీ దించాం, ఈసారి మేజోడు కనబడింది. పట్టీ సరిగ్గా బిగించినా రోజూ మడమ పైకొచ్చేస్తుంటే అది బూటు తప్పు కాదు, వంకర తిరిగొస్తోందన్న మొదటి గుర్తు. అలా అయితే మళ్లీ చూపించాల్సిన రోజు దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేపు పొద్దున మళ్లీ చూడాలి.